పలకల సీమలో... తరిమెన తిప్పుదామా!

అఆలు దిద్దిన తెలుగు పిల్లల్లో చాలామంది చేతుల్లో ఒకప్పుడు మార్కాపురం ఉండేది. నల్లగా నిగనిగలాడే రాతి పలక అక్కడి నుంచే వచ్చేది. ఆ పలక గురించి అందరికీ తెలుసు. దాని చుట్టూ అంచు కట్టి, కిందపడ్డా పగలకుండా కాచిన చెక్క చట్రాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. రాయికి దక్కిన పేరు కర్రకు దక్కలేదన్నమాట!

నిజానికి పశ్చిమ ప్రకాశం కర్ర తెలిసిన సీమ. పక్కనే నల్లమల. ఊరూరా నాగలి, బండి, మంచం చేసిన వడ్రంగుల ఇళ్లు. పొలం గట్టు నుంచి చెరువు కట్ట దాకా ఎక్కడ చూసినా సర్కారు తుమ్మ. ఇలాంటి చోట ఓ చిన్న లేతు మిషను ఇంట్లో పెట్టుకుని, సెలవు రోజున పప్పుగుత్తో, బొంగరమో, చెక్క గిన్నో చేసుకుంటే ఎలా ఉంటుంది? విదేశాల్లో లక్షలమందికి ఇదే కాలక్షేపం. మన దగ్గరా రిటైరైనవాళ్లు, సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు దీనిమీద మనసు పడుతున్నారు. అయితే ఏ మిషను కొనాలి, ఏ కర్ర వాడాలి, వేళ్లు జాగ్రత్తగా ఎలా ఉంచుకోవాలి అన్నవి ముందే తెలియకపోతే సరదా కాస్తా మూలన పడిన ఇనుముగా మిగులుతుంది.

కొండ... చెరువు... కంప

గుంటూరు నుంచి నంద్యాల వెళ్లే రైలెక్కితే ఈ సీమ కిటికీలోంచే పరిచయమవుతుంది. వినుకొండ దాటాక పచ్చదనం పలచబడుతుంది. రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల రన్‌వే ఉన్న దొనకొండ, తర్వాత మార్కాపురం రోడ్డు, తర్లుపాడు, కంభం, గిద్దలూరు... ఒక్కో స్టేషనూ దాటుతుంటే పడమటి దిక్కున నల్లమల దగ్గరవుతుంది. దిగువమెట్ట వచ్చేసరికి రైలు అడవిలోకే దూరిపోతుంది. ఒకప్పుడు మీటర్‌గేజ్‌ బండ్లు నడిచిన దారి ఇది. 1990 దశకంలో బ్రాడ్‌గేజ్‌గా మారింది.

1970లో ఒంగోలు జిల్లా ఏర్పడే దాకా మార్కాపురం, కంభం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోవి. 1972లో జిల్లాకు ప్రకాశం పంతులు పేరు పెట్టారు. కాగితాల మీద కోస్తాలో కలిసినా ఇక్కడి వాన, మాట, తిండి రాయలసీమవే. వర్షం తక్కువ, ఎండ ఎక్కువ. అందుకే కంభం చెరువంటే ఇక్కడివాళ్లకు ప్రాణం. రెండు కొండల మధ్య గుండ్లకమ్మకు అడ్డుకట్ట వేసి అయిదు శతాబ్దాల కిందట కట్టిన ఈ చెరువుకు 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు దక్కింది.

ఇక పలకల సంగతి. మార్కాపురం చుట్టుపక్కల గనుల్లో దొరికే రాయిని పొరలు పొరలుగా చీల్చి, సమంగా కోసి, నునుపు చేసి, చెక్క చట్రం బిగించి దేశమంతటా పంపేవారు. నోటు పుస్తకం చౌకయింది. ప్లాస్టిక్ పలక వచ్చింది. రాతి పలకకు గిరాకీ తగ్గిపోయింది. అదే రాయి ఇప్పుడు గోడలకు, నేలకు పరిచే పలకలుగా విదేశాలకు వెళ్తోంది. రాయికి ఇంకో దారి దొరికింది కానీ చట్రానికి దొరకలేదు. టేకు మంచం బదులు ఇనుప మంచం, చెక్క నాగలి బదులు ట్రాక్టరు, కవ్వం బదులు మిక్సీ వచ్చాక వడ్రంగి పిల్లలు వేరే పనులు వెతుక్కున్నారు. ఏ కర్ర ఎప్పుడు కొయ్యాలి, ఏది పగులుతుంది, ఏది పురుగు పడుతుంది అన్న తెలివి పుస్తకాల్లో లేదు. అది ఆ పెద్దవాళ్ల చేతుల్లోనే ఉంది. వాళ్లతోపాటే పోతోంది కూడా.

లేతు కాదు... తరిమెన

కర్రను గుండ్రంగా తిప్పుతూ ఉలితో చెక్కే సాధనాన్ని ఇప్పుడు అందరం లేతు అంటున్నాం. దానికి తెలుగులో చక్కని పేరుంది... తరిమెన. మంచం కోళ్లు, ఊయల ఊచలు, బొంగరాలు తరిమెన పట్టినవే. ఈజిప్టులో క్రీస్తుకు దాదాపు 300 ఏళ్ల కిందటి పెటోసిరిస్ సమాధి గోడమీద దీని బొమ్మ చెక్కి ఉంది. ఒకరు తాడు లాగుతుంటే ఇంకొకరు ఉలి పట్టుకోవడం ఆనాటి పద్ధతి. మనదేశంలోనూ తరతరాలు అలాగే సాగింది. తాడు ఇటు లాగితే కర్ర ఇటు, అటు లాగితే అటు తిరుగుతుంది కాబట్టి సగం తిప్పులోనే ఉలి తెగేది. మోటారు వచ్చాక కర్ర ఒకే దిక్కుకు ఆగకుండా తిరుగుతోంది. పని తేలికైంది, ప్రమాదమూ పెరిగింది.

తెలుగునాట తరిమెన పనికి పెట్టింది పేరు ఏటికొప్పాక. అనకాపల్లి జిల్లాలో వరాహనది ఒడ్డున ఉన్న ఈ ఊరు లక్క బొమ్మలకు 2017లో జీఐ గుర్తింపు తెచ్చుకుంది. అక్కడి కర్ర అంకుడు. తెల్లగా, మెత్తగా, సన్నని నారతో ఉంటుంది. కర్ణాటకలోని చెన్నపట్న బొమ్మలదీ ఇదే చెట్టు. తిరుగుతున్న బొమ్మకు లక్క కడ్డీని ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి అంటుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. రసాయన రంగులు పిల్లల నోటికి చేటని గింజలు, బెరడు, ఆకులు, వేళ్ల నుంచి రంగులు తీయడానికి ఏళ్ల తరబడి కృషిచేసిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవంలో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఊరేగింది ఈ బొమ్మలే.

పశ్చిమ ప్రకాశానికి మరీ పొరుగున నెల్లూరు జిల్లా ఉదయగిరి ఉంది. అక్కడి చెక్క చెంచాలు, గరిటెలకూ జీఐ గుర్తింపు ఉంది. అయితే అవి తరిమెన మీద చేసినవి కావు, చేత్తో చెక్కినవి. ఈ రెండు ఊళ్లూ చెప్పే పాఠం ఒకటే. ఖరీదైన యంత్రాలు లేకపోయినా కర్ర గుణం తెలిసిన చెయ్యి ఉంటే చాలు!

ఏం చేస్తారో ముందు తేల్చుకోండి

మిషను దుకాణానికి వెళ్లకముందే ఓ ప్రశ్న వేసుకోవాలి. ఏం చేద్దామని?

అప్పడాల కర్ర, పప్పుగుత్తి, ఉలి పిడి, బొంగరం లాంటి పొడుగాటి వస్తువులైతే కర్రను రెండు కొసల మధ్య బిగించి తిప్పుతారు. గిన్నెలు, పళ్లేల వంటివైతే ఒకవైపే పట్టించి లోపల తొలుస్తారు. మొదటి రకానికి మిషను పొడవు ముఖ్యం. రెండో రకానికి వెడల్పు ముఖ్యం.

ఈ రెండు కొలతలే మిషను పేరులో ఉంటాయి. 10×18 అంటే పది అంగుళాల అడ్డుకొలత ఉన్న చెక్క తిరగగలదు, రెండు కొసల మధ్య పద్దెనిమిది అంగుళాల కర్ర పడుతుంది అని అర్థం. ఇంటి సరదాకు 10×18 లేదా 12×18 సరిగ్గా సరిపోతాయి. 8×12 చౌకే కానీ అప్పడాల కర్ర దగ్గరే ఇరుకవుతుంది. మంచం కోళ్లు, ఊయల స్తంభాలు చెయ్యాలనుకుంటే పొడవు పెంచుకునే బెడ్ ఎక్స్‌టెన్షన్ దొరికే మోడల్ చూసుకోవాలి.

బరువుంటేనే బలం

చిన్న మిషనే అయినా బరువుండాలి. పోత ఇనుముతో చేసినదైతే తిరిగేటప్పుడు అదురు తక్కువ. రేకును మడిచి చేసినవీ, అల్యూమినియంవీ గుండ్రంగా లేని మొద్దు బిగించగానే బల్లతో సహా గంతులేస్తాయి. నలభై కిలోల మిషనును కూడా గట్టి బల్లకు బోల్టులతో బిగించి, బల్ల కింది అరలో రెండు ఇసుక మూటలు పెడితే ఇంక కదలదు. మిద్దె మీద గది కన్నా నేలమీది వసారా మేలు. అదురూ తగ్గుతుంది, కిందివాళ్లతో గొడవా ఉండదు.

మోటారు అర హార్స్‌పవర్ ఉంటే చిన్నపనులకు చాలు. గిన్నెలు తొలవాలంటే ముప్పావు లేదా ఒక హార్స్‌పవర్ ఉండాలి. ఇంట్లో సింగిల్ ఫేజ్ కరెంటే కాబట్టి ఆ మోటారే తీసుకోవాలి. మూతపడిన కార్ఖానా నుంచి త్రీఫేజ్ మిషను చౌకగా వస్తోందని ఎగబడితే, దాన్ని నడపడానికి డ్రైవ్ కోసం మళ్లీ ఖర్చు. ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోవడం మాత్రం మరవొద్దు.

అన్నిటికన్నా ముఖ్యం వేగం. మిషను ఎంత ఎక్కువ వేగంతో తిరుగుతుందని అందరూ అడుగుతారు. ఎంత తక్కువకు దిగుతుందన్నదే అసలు ప్రశ్న. దీనికో చిన్న లెక్కుంది. చెక్క అడ్డుకొలతను అంగుళాల్లో తీసుకుని, నిమిషానికి తిరిగే చుట్లతో గుణిస్తే 6,000 నుంచి 9,000 మధ్య రావాలి. అంటే ఆరంగుళాల గిన్నెకు 1,000 నుంచి 1,500 చుట్లు. పది అంగుళాల పళ్లేనికి 600 నుంచి 900 చుట్లు. అదీ గుండ్రంగా వచ్చాక. ఎగుడుదిగుడు మొద్దును ఇంకా నెమ్మదిగా మొదలుపెట్టాలి. కాబట్టి 500 చుట్లకు దిగని మిషను గిన్నెలకు పనికిరాదు. బెల్టును పుల్లీల మీద మార్చేదైనా ఫరవాలేదు, గుండీ తిప్పితే వేగం మారేదైతే మరీ సుఖం.

మరొకటి చూడాలి. చక్‌ బిగించే కొస మర కొలతేమిటి, రెండో కొసలోని రంధ్రం ఏ రకం అన్నవి. చిన్న మిషన్లలో ఎక్కువగా కనిపించేవి అంగుళం మందం, అంగుళానికి 8 చుట్ల మర... మోర్స్ టేపర్ 2 రంధ్రం. ఇవుంటే చక్‌లు, కొసలు ఏ కంపెనీవైనా సరిపోతాయి. ఎక్కడా లేని సొంత కొలతలున్న మిషను కొంటే ప్రతి చిన్న భాగానికీ ఆ కంపెనీ వెంటే తిరగాలి.

మిషనుతో అయిపోదు

కొత్తవాళ్లు తరచూ బోల్తాపడేది ఇక్కడే. డబ్బంతా మిషనుకే పెట్టేస్తారు. తీరా ఇంటికొచ్చాక ఉలి లేదు, సాన లేదు! నాలుగు దవడల చక్, ఉలులు, సాన మిషను, ముఖానికి అడ్డు తొడుగు కలిపితే ఒక్కోసారి మిషను ఖరీదంత అవుతుంది. అందుకే బడ్జెట్‌ను ముందే రెండు భాగాలు చేసుకోవాలి.

ఉలుల్లో పెద్ద సెట్టు అక్కర్లేదు. పలకలు పోగొట్టి గుండ్రం చేసే రఫింగ్ గౌజ్, వంపులు తీసే స్పిండిల్ గౌజ్, గిన్నె తొలిచే బౌల్ గౌజ్, కొసలు తెంపే పార్టింగ్ టూల్... ఈ నాలుగూ మొదలుకు చాలు. హైస్పీడ్ స్టీల్‌వి తీసుకోవాలి. మామూలు ఉక్కు ఉలి సాన వేడికి నీలంగా మారిందంటే పదును పట్టే గుణం పోయినట్టే. ఒక్క హెచ్చరిక... వడ్రంగి మామూలు ఉలిని తరిమెన మీద వాడకూడదు. ఆ పిడి, ఆ మందం ఈ దెబ్బకు నిలిచేవి కావు.

కొత్త మిషను ఖరీదు భారమనుకుంటే ఇంకో దారీ ఉంది. మోటారు చుట్టేవాళ్లు, ఇనుప లేతు వర్క్‌షాపులు ఉన్న ఊళ్లో పాత మోటారు, బేరింగులు, సీ-చానెల్ ఇనుముతో తరిమెన చేయించుకోవచ్చు. కాకపోతే రెండు కొసలూ ఒకదాని ఎదురుగా ఒకటి వెంట్రుకవాసి తేడా లేకుండా రావాలి. మిస్త్రీని అదొక్కటి అడిగి, రెండు కొసలనూ దగ్గరకు తెచ్చి ముక్కుకు ముక్కు కలుస్తోందో లేదో చూసి మరీ డబ్బు చెల్లించాలి. చేత్తో పట్టుకునే డ్రిల్లును బల్లకు బిగించి నడిపే అటాచ్‌మెంట్లు మాత్రం పెన్నులు, చిన్న బొంగరాలకు తప్ప దేనికీ ఆగవు.

తిట్టుకునే చెట్టే... మంచి కర్ర

మిషను సరే, కర్ర ఎక్కడిది? ఎదురుగా నల్లమల ఉంది కదా అనుకుంటే పొరపాటు. మార్కాపురం వైపు అడవి నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలోది. గిద్దలూరు కొండల్లో ఎర్రచందనం ఉంది. అడవిలోంచి పుల్ల తెచ్చినా నేరమే. ఎర్రచందనం ముక్క ఇంట్లో దొరికితే ‘సరదాకి చేశాను సార్’ అంటే వినేవాళ్లుండరు. సొంత పొలంలోని చెట్టు కొట్టాలన్నా 2002 నాటి వాల్టా చట్టం ఉంది కాబట్టి ముందు అధికారులను అడగాలి. ఎవరైనా రోడ్డుపక్క చౌకగా ‘అడవి టేకు’ అమ్మజూపితే దండం పెట్టి వచ్చేయడమే.

మరైతే? ఊరి చుట్టూ ఉన్న కంపను చూడండి. సర్కారు తుమ్మ! బ్రిటిష్‌వాళ్ల కాలంలో, 1877లో జమైకా నుంచి విత్తనాలు తెప్పించి గిద్దలూరుకు దక్షిణాన ఉన్న కడప జిల్లా కమలాపురంలో నాటారు. వంటచెరకు కోసం తెచ్చిన చెట్టు చెరువుల్ని, బీళ్లను ఆక్రమించింది. రైతు తిడతాడు, మేకలు కాయలు తింటాయి, బొగ్గు బట్టీలవాళ్లు కాలుస్తారు. కానీ అమెరికాలో దీని దగ్గరి చుట్టం మెస్కీట్‌ను తరిమెన పనివాళ్లు ఏరికోరి కొంటారు. ఎర్రటి గోధుమరంగు చేవ, గట్టి నార, ఆరేటప్పుడు కుంచించుకుపోవడం చాలా తక్కువ. పాతికేళ్లు పెరిగిన మొద్దు దొరికితే పొయ్యిలోకి పోనివ్వకుండా పక్కన పెట్టుకోవాలి. చేవ చుట్టూ ఉండే పసుపు రంగు కర్రకు పురుగు పడుతుంది కాబట్టి దాన్ని తీసేయడం మంచిది.

వేప, చింత, నల్లతుమ్మ, దిరిసెన, సుబాబుల్ కూడా పనికొస్తాయి. గాలికి పడిన కొమ్మ, సామిల్లులో మిగిలిన ముక్క, కూలగొట్టిన పాతింటి దూలం... ఇవే అసలైన గనులు. పాత దూలంలో మేకులుంటాయి, అయస్కాంతంతో వెతికి పీకేశాకే బిగించాలి. సామిల్లులో కొన్న ముక్కకు రసీదు అడిగి దాచుకోవాలి.

ఈ సీమ ఎండ గురించి కూడా ఒక మాట. కొట్టిన పచ్చి మొద్దును ఏప్రిల్ ఎండలో పడేస్తే సాయంత్రానికే కొసలు పగులుతాయి. కోసిన వెంటనే కొసలకు మైనమో పాత పెయింటో పూసి నీడలో పెట్టాలి. పలకగా కోసిన చెక్క అంగుళం మందానికి ఏడాది ఆరాలని పాత లెక్క. అంత ఓపిక లేకపోతే పచ్చిగా ఉన్నప్పుడే గిన్నెను మందంగా తొలిచి, అడ్డుకొలతలో పదో వంతు గోడ ఉంచి, రంపపు పొట్టులో కప్పి కొన్ని నెలలు వదిలేయాలి. వంకర తిరిగినా పగలదు. తర్వాత మళ్లీ ఎక్కించి సన్నం చేసుకోవచ్చు.

కొంగు, గాజులు, దుమ్ము

తరిమెన శబ్దం చెయ్యకుండా తిరిగే మిషను. అందుకే భయం వెయ్యదు. అదే ప్రమాదం. చీరకొంగు, చున్నీ, పొడుగు చేతుల చొక్కా, జారిన జడ, మెళ్లో గొలుసు, గాజులు... ఏదీ వేలాడకూడదు. చేతికి గ్లౌజులు అసలే వద్దు. చిక్కుకుంటే గ్లౌజుతోపాటు చేతిని కూడా లాగేస్తుంది. మామూలు కళ్లద్దాలు చాలవు, ముఖమంతా కప్పే తొడుగుండాలి. ఉలి ఆనించే కడ్డీ చెక్కకు దగ్గరగా ఉండాలి. స్విచ్ వెయ్యడానికి ముందు చెక్కను చేత్తో ఒక చుట్టు తిప్పి ఎక్కడా తగలడం లేదని చూసుకోవాలి. స్విచ్ వేసేటప్పుడు చెక్కకు ఎదురుగా కాకుండా పక్కకు నిలబడాలి. పిల్లలున్న ఇల్లైతే పని అయిపోగానే ప్లగ్గు పీకి జేబులో వేసుకున్నంత పని చెయ్యాలి.

ఇక దుమ్ము. రాతి దుమ్ము ఊపిరితిత్తులకు ఏం చేస్తుందో పలకల ఊరికి ఎవరూ చెప్పనక్కర్లేదు. కర్ర దుమ్మూ తక్కువదేం కాదు. ఉప్పుకాగితం పట్టేటప్పుడు లేచే సన్నని పొడి ఉబ్బసం తెస్తుంది. మంచి మాస్కు పెట్టుకోవాలి. గదికి ఎదురెదురు కిటికీలుండాలి.

మొదటి పని... పప్పుగుత్తి

అన్నీ కుదిరాయి. మొదట ఏం చెయ్యాలి? పెద్ద గిన్నె జోలికి పోకుండా వేప కొమ్మతో ఓ పప్పుగుత్తి చేసి చూడండి. పొడుగు కాడ, కింద గుండు, మధ్యలో రెండు గీతలు. ఉలి ఎలా పట్టాలో, ఎక్కడ ఎగిరిపడుతుందో అదే నేర్పుతుంది. పది పాడవుతాయి, పదకొండోది వంటింట్లోకి వెళ్తుంది. నునుపుకు అవిసె నూనె, తేనెమైనం పూస్తే చాలు. వార్నిషు అవసరం లేదు.

అంతకన్నా మంచి గురువు ఊళ్లోనే ఉండొచ్చు. బాడిస పక్కనపెట్టేసిన ముసలి వడ్రంగి ఏ అరుగు మీదో కూర్చునుంటాడు. మిషను ఎలా తిప్పాలో ఆయనకు తెలియకపోవచ్చు. మీరు తెచ్చిన మొద్దును గోటితో గీకి, వాసన చూసి ‘ఇది ఇంకా ఆరలేదు నాయనా’ అని మాత్రం చెప్పగలడు. ఆ ఒక్క మాట ఏ మిషనుతోనూ ఉచితంగా రాదు. మనవడి చేతిలో ప్లాస్టిక్ బొమ్మ బదులు తాత తిప్పిన బొంగరం ఉండాలంటే, ఆ అరుగు ఖాళీ కాకముందే ఓసారి వెళ్లి కూర్చోవాలి.

చూసి రావాలంటే

గుంటూరు-నంద్యాల రైలు మార్గంలో మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు స్టేషన్లున్నాయి. మార్కాపురంలో లక్ష్మీ చెన్నకేశవస్వామి ఆలయ స్తంభాలను తప్పక చూడాలి. ఉలి రాతిమీద ఏం చెయ్యగలదో అక్కడ తెలుస్తుంది. కంభం చెరువు కట్టమీద సాయంత్రం బాగుంటుంది. రాచర్ల మండలంలో నల్లమల ఒడిలో నెమలిగుండ్ల రంగనాయకస్వామి కొలువై ఉన్నాడు. మార్కాపురం నుంచి దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లొచ్చు. గిద్దలూరు నుంచి నందికనుమ దాటితే నంద్యాల. ఎండాకాలం కన్నా వానలు వెలిసిన తర్వాత వెళ్తే గుండ్లకమ్మలో నీళ్లూ కనిపిస్తాయి.